ఏటి చేప, ఇంటి పులుసు

(హజీరాలోని కేంద్రప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘసభకై సిద్ధపరుపబడిన ప్రసంగపాఠము)



సంగీతమునకును, నాటకమునకును, పద్యపఠనమునకును ఏర్పడిన వేదికపై చేపలను గూర్చిన ప్రసంగ మేమని కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఒక జాతి సంస్కృతి గ్రంథములలోను రంగస్థలముపైనను మాత్రమే నిలుచునది కాదు. పొయ్యిమీది దాకలో కూడ నిలుచును. మాతృభాషలో ఉత్తరము వ్రాయుట మరచిన కుటుంబములు సైతము మాతృదేశపు పులుసును మరువవు. సభలో మత్స్యము ముట్టని వారును ఉందురు. వారికి కూడ ఈ విషయము దూరమైనది కాదు. చేప కథ చివరకు ఏటి కథయే, ఏటి నీరు అందరును త్రాగునదే.

తాపీనది మధ్యప్రదేశములోని ముల్తాయివద్ద పుట్టి, 724 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, సూరతు నగరమును దాటి, హజీరావద్ద సముద్రమున కలియుచున్నది. గోదావరికి అంతర్వేది, యానాము ఎట్టివో తాపీకి హజీరా అట్టిది. 1980 దశకమునుండి ఇచట వెలసిన సహజవాయు, ఎరువుల కర్మాగారములలో పనిచేయుటకై కోస్తా జిల్లాల వారెందరో వచ్చిచేరిరి. సూరతు మరమగ్గములపై పనిచేయుటకై తెలంగాణమునుండి పద్మశాలీ కుటుంబములు వేలకొలదిగా వచ్చి స్థిరపడెను. గోదావరి వాడలవారును, కరీంనగరు చెరువుల చెంతవారును ఒకే ఏటి యొడ్డున కలిసికొన్నారు. ఈ రెండు వర్గములకును అంగడిలో మొదట ఎదురగు చిక్కు ఒక్కటే: చేప తెలిసినదే, పేరు తెలియనిది.

తెలుగు గృహిణి కొయ్యింగ యనినచో గుజరాతీ జాలరి స్త్రీకి అర్థము కాదు. ఆమె బోయీ యనును. వనమట్ట యనినచో బుమ్లా యని సరిదిద్దును. సముద్రపు ఆటుపోటులకు తడిసి ఆరు బురదనేలలో గంతులువేయు లేవటా యను చిన్నచేపను దక్షిణ గుజరాతువారు ప్రీతితో తినుదురు. క్రొత్తగా వచ్చిన తెలుగువారు దానిని చూచి మొగము త్రిప్పుకొనుటయు, రెండు మూడు వర్షకాలములు గడచిన పిమ్మట తామే వెదకికొనుటయు కలదు. మొప్ప ఎఱ్ఱగా నున్నదా, కన్ను తేటగా నున్నదా, వ్రేలితో నొక్కిన కండ తిరిగి పొంగినదా యని చూచుటకు మాత్రము భాష అక్కరలేదు. ఆ పరీక్ష తల్లి నేర్పినదే. ఏ అంగడిలోనైనను చెల్లును.

ఐనను ఈ అంగడిలో ఒక చేప ఎదుట గోదావరి జిల్లావారు ఒక్కక్షణము నిలిచిపోవుదురు. వెండిరేకువంటి పొలుసులు, వెడల్పైన ప్రక్కలు, క్రింది అంచున రంపపు పండ్లవంటి గరుకు. గుజరాతులో దానిని చాక్సీ యందురు; మోదార్ యనియు, పాల్వా యనియు కూడ వ్యవహరింతురు. వంగదేశమున అదియే ఇలిశ్, సింధుదేశమున పల్లా. గోదావరీమండలమున సముద్రములో పట్టుబడినపుడు విలస, ఏటిలో పట్టుబడినపుడు పులస. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టను గంగానది చేపలను గూర్చిన తన గ్రంథమున దీనికి శాస్త్రీయముగా ఇలిశా యను పేరుంచెను. గుజరాతీ జాలరులు సామాన్యముగా ఆడదానిని మోదార్ అనియు, మగదానిని పాల్వా అనియు వేరుచేసి చెప్పుదురు. గోదావరి జాలరులును గ్రుడ్లున్న దానిని శెన పులస యనియు, లేనిదానిని గొడ్డు పులస యనియు వేరుచేయుదురు. ఒకరి భాష ఒకరికి తెలియని రెండు జాలరి జనములు ఒకే చేపను ఇంత దగ్గరగా పరిశీలించి, ఒకే విధముగా విభజించుకొనుట గమనింపదగినది.

ఈ చేప జీవితము విచిత్రమైనది. పెరుగుట ఉప్పునీట, గ్రుడ్లు పెట్టుట మంచినీట. తూర్పుతీరమున ఆషాఢ శ్రావణములలో గోదావరికి ఎఱ్ఱనీరు తగిలినంతనే అది సముద్రమునుండి బయలుదేరి ప్రవాహమునకు ఎదురీది పైకి వచ్చును. పడమటితీరమున వానకారు వరదలతో నర్మదా తాపీ ముఖములలోనికి వచ్చును. సముద్రమున తిని కూడబెట్టుకొన్న క్రొవ్వే దానికి దారిబత్తెము. ఎదురీదిన కొలదిని ఉప్పుదనము వదలి, కండ కమ్మదనమును పొందును. విలసకును పులసకును గల భేదము జాతిభేదము కాదు, ప్రయాణభేదము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతలోని అతిశయోక్తికి మూలమీ ప్రయాణమే. నేడు ఒక్కొక్క పులసకు వేలరూపాయలు పలుకుచున్నవి. ఒడిశా వంగ తీరముల సముద్రపు విలసలను మంచులో పెట్టి తెచ్చి పులసలని అమ్ముటయు జరుగుచున్నది. కొనువాడు ధర యిచ్చునది చేపకు కాదు, అది నడచిన ఏటికి. ఏరెక్కని చేపకు ఆ ధర యిచ్చుట మోసపోవుటయే.

దానిని వండు విధానమును కొంచెము విమర్శించి చూచినచో పెద్దల యోచన తెలియగలదు. పులుసును మట్టిదాకలో పెట్టుదురు. కళాయిలేని ఇత్తడిలో చింతపండు పులుపు చిలుమెక్కును. మట్టికి ఆ దోషము లేదు, పైగా సెగను మెల్లగా గ్రహించి మెల్లగా విడుచును. ముక్కలకు ఉప్పు, పసుపు, కారము పట్టించి, నూరిన ఉల్లిముద్దను నూనెలో వేచి, చింతపండు రసము పోసి, చీల్చిన పచ్చిమిరపకాయలును, లేత బెండకాయలును చేర్చి సన్నని సెగపై విడుతురు. కొందరు దించుటకు ముందు ఆవకాయ నూనె ఒక గరిటెడు చేర్తురు. గరిటెతో కలుపుట నిషిద్ధము. ముక్క విరిగినచో సన్నని ముండ్లు పులుసంతయు వ్యాపించును. కనుక దాకను రెండుచేతులతో పట్టి మెల్లగా కుదుపుదురు. పులస దేహము నిండ ముండ్లే. పులుపులో చాలసేపు ఉడికి, రాత్రియంతయు నిలువయుండుటచే అవి కొంత మెత్తబడును. రసము ముక్కకు పట్టును. అందుచేతనే నేటి పులుసు రేపు తినవలెనందురు.

తెలంగాణమువారి సంప్రదాయము వేరు. వారిది చెరువుల సీమ. కాకతీయుల కాలమునుండి త్రవ్విన చెరువులలో రవ్వ, బొచ్చె, జెల్ల, కొర్రమట్ట పెరిగినవి. జూన్ మాసారంభమున మృగశిర కార్తె ప్రవేశించు దినమున చేప తినుట వారికి తప్పని ఆచారము. ఎండలు చల్లారి తొలకరి మొదలగు సంధికాలమున దేహమునకు బలము చేకూర్చు ఆహారమని దాని భావము. సూరతులోని నేతకార్మికులు కూడ ఆనాడు మగ్గము దిగి చేపల అంగడి దారి పట్టుదురు. కోస్తావారు కొర్రమీను అనునదియు, తెలంగాణమువారు కొర్రమట్ట అనునదియు ఒక్కటే. 2016లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. నీరు లేకున్నను కొంతకాలము గాలి పీల్చి బ్రదుకగల చేప యగుటచే అంగడిలో దానిని తొట్టిలో ప్రాణముతోనే యుంచి అమ్ముదురు.

ఇదే కొర్రమీనును ఇదే విధముగా తొట్టిలో ప్రాణముతో అమ్ము మరియొక దేశము కలదు. అది కంబోడియా. అచటి ఖ్మేరు జనుల ప్రాతఃకాలపు అంగడులలో స్త్రీలు నేలపై కూర్చుండి, పళ్లెములలో ఏటిచేపలను పెట్టుకొని, అడిగిన దానిని అప్పటికప్పుడు కోసి యిత్తురు. కొర్రమీనును వారు త్రెయ్ రోస్ అందురు. నిమ్మగడ్డి, పసుపు, గలంగ దుంప, వెల్లుల్లి దంచిన ముద్దకు వారు క్రియొంగు అని పేరిడిరి. ఆ ముద్దను కొబ్బరిపాలతో కలిపి, చేపముక్కలను చేర్చి, అరటియాకు దొన్నెలో ఆవిరిపై ఉడికించినది అమోక్ అను వారి ప్రసిద్ధ వంటకము. సూరతు పార్సీలు కొత్తిమీర కొబ్బరి పచ్చడి పట్టించి అరటియాకులో చుట్టి చేపను ఉడికించుట ఎరిగినవారికి ఇది దూరదేశపు వంటగా తోపదు. చింతపండు పులుపుతో సమ్లా మచూ అను చేపల పులుసును కూడ ఖ్మేరులు కాచుకొందురు. అన్నము, పులుపు, ఏటిచేప అను మూడింటి కూర్పు గోదావరి గట్టునను, మెకాంగు గట్టునను ఒక్కటే.

ఖ్మేరుల అంగడికి సరకు సమకూర్చునది తోన్లే సాప్ అను మహాసరస్సు. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండు ఈ సరస్సు, వానకాలమున మెకాంగు వరద పొంగి సరస్సునుండి వచ్చు నదిని వెనుకకు త్రోయుటచే, 15,000 చదరపు కిలోమీటర్ల వరకు విస్తరించును. ఆ మునిగిన అడవులలో చేపపిల్లలు పెరుగును. నీరు తీయునపుడు సన్నచేపలు ఏటివెంట క్రిందికి దిగును. డిసెంబరు జనవరి మాసములలో వాటిని పెద్దసంచివలలతో పట్టి, తలలు తీసి, ఉప్పుకలిపి ఎండబెట్టి, జాడీలలో నెలలు ఊరవేసి ప్రహోక్ అను ముద్దను చేయుదురు. తెలుగింటికి ఊరగాయ జాడీ యెట్టిదో వారికి అది అట్టిది. నీరెక్కినపుడు చేపలు చీమలను తినును, నీరు దిగినపుడు చీమలు చేపలను తినును అని వారి సామెత. ఏరు ఎక్కుటయు దిగుటయు వారి బ్రదుకుకు గడియారమని దాని తాత్పర్యము.

ఆ గడియారము నేడు తడబడుచున్నది. మెకాంగుపై ఎగువదేశములలో ఆనకట్టలు పెరిగినవి. 2019, 2020 సంవత్సరములలో వానలు వెనుదీయుటయు తోడై, తోన్లే సాప్ ఎదురుప్రవాహము ఆలస్యమై బలహీనపడినది. ఇంకొక చిక్కు కొర్రమీను పెంపకములోనే పుట్టినది. తొట్లలోను బోనులలోను పెంచు కొర్రమీనుకు మేతగా ఏటిలోని సన్నచేపలను పట్టిపెట్టుచుండుటచే, పేదవాని చేపను పెట్టి ధనికుని చేపను పెంచినట్లయ్యెను. అందుచే ఆ దేశప్రభుత్వము 2004లో ఆ పెంపకమును నిషేధించి, 2016లో గాని నిషేధమును ఎత్తివేయలేదు.

పెంపకము యావత్తు దోషమని దీని భావము కాదు. 1957లో డాక్టరు హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూషగ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి మేలుజాతి గండుచేపలచే చెరువునీటిలోనే గ్రుడ్లు పెట్టించి జయము పొందెను. అంతవరకును ఆ పిల్లలకొరకు వరదకాలమున ఏటిపై ఆధారపడవలసి యుండెను. ఆ విద్యయే కొల్లేటి చుట్టుప్రక్కల చెరువులను నింపినది. నేడు చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశము భారతదేశమున ప్రథమస్థానమున నున్నది. బొచ్చెయు శీలావతియు మంచుపెట్టెలలో దూరనగరములకు పోవుచున్నవి. సామాన్యుని పళ్లెములోనికి చేప వచ్చినదనిన ఆ పుణ్యము చెరువుదే. కాని పులస ఈ విద్యకు ఇంకను లొంగలేదు. దాని పొదుగుదలపై శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేయుచున్నను, అంగడికి చాలునట్లు చెరువులో పెంచు మార్గము ఏర్పడలేదు. చెరువుచేపను మనుష్యుడు చేయగలడు. పులసను ఏరొక్కటియే చేయగలదు.

ఆ ఏటికి ఆటంకములు కలిగినవి. 1847నుండి 1852వరకు సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరమువద్ద గోదావరిపై ఆనకట్ట కట్టించెను. క్షామములతో క్రుంగిన డెల్టా అన్నపూర్ణయైనది. ఆ మహనీయుని విగ్రహములకు రైతులు నేటికిని పూలమాలలు వేయుచున్నారు. 1982 నాటికి పాత ఆనకట్ట స్థానమున క్రొత్త బారేజి సిద్ధమైనది. కాని ఎగువకు ఎదురీదవలసిన పులసకు ఆ గోడ అడ్డు. సాల్మను చేపవలె ఎగిరి దుముకు స్వభావము దానికి లేదు. అందుచే అది ధవళేశ్వరమునకు దిగువనే, గౌతమీ వసిష్ఠ పాయలలో పట్టుబడుచున్నది. 1873లోనే ఫ్రాన్సిస్ డే యను మత్స్యశాస్త్రజ్ఞుడు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో ఆనకట్టలవలన చేపలకు కలుగు నష్టమును చర్చించెను. గంగపై 1975లో ఫరక్కా బారేజి ఏర్పడిన తరువాత, అంతకుముందు ప్రయాగవరకు పోవుచుండిన ఇలిశ్ అచటికి పోవుట క్షీణించినది.

హజీరావారి కనులయెదుట నున్న తాపీ కథయు ఇట్టిదే. ఎగువన కాక్రాపార్ ఆనకట్ట 1950 దశకమున, ఉకాయి ఆనకట్ట 1972లో ఏర్పడెను. పొలములకు నీరు, ఇండ్లకు విద్యుత్తు లభించినవి. సూరతులో సింగణ్‌పూర్‌వద్ద 1995లో కట్టిన అడ్డుకట్ట నగరమునకు త్రాగునీరు నిలుపుచున్నది. అదియే సముద్రపు పోటును పైకి పోనీయదు, వేసవిలో మంచినీటిని క్రిందికి రానీయదు. ఉప్పునీటికిని మంచినీటికిని సంధిస్థలమైన నదీముఖము అందుచే నెలలతరబడి ఏటినీటికి ముఖము వాచియుండును. ప్రక్కనున్న నర్మదపై భాడ్‌భూత్ బారేజికి 2017లో శంకుస్థాపన జరిగినపుడు, ఆ ముఖమున ఇలస పట్టి బ్రదుకు జాలరులు తమ జీవనము ఏమగునని ప్రశ్నించిరి.

ఇచట తెలుగువాడు ఒక ధర్మసంకటమును గుర్తింపవలసి యున్నది. గోదావరి తీరమున పళ్లెములోని అన్నమునకు ఆనకట్టయే కారణము. ఆ అన్నములో కలుపుకొను పులుసునకు ఆనకట్టయే విఘ్నము. ఆనకట్టను నిందించి అన్నము తినుట కృతఘ్నత. అన్నము దొరకినదని ఏటిని మరచుట మరియొక కృతఘ్నత. సూరతులో కొళాయి త్రిప్పి నీరు పట్టుకొను ప్రతి గృహిణియు ఆ అడ్డుకట్ట మేలును పొందుచున్నదే. కనుక ప్రశ్న ఆనకట్ట ఉండవలెనా కూడదా యనునది కాదు. ఉన్న ఆనకట్టనుండి ఏటి వాటాగా ఎంతనీరు, ఏ మాసమున విడువవలెననునదియే ప్రశ్న. కాలువకు వంతు, నగరమునకు వంతు, కర్మాగారమునకు వంతు లెక్కవ్రాసినపుడు సముద్రమునకు పోవు నీటిని వృథా యని వ్రాయు అలవాటు మారవలెను. చేపకు అది వృథా కాదు. చేపపై బ్రదుకు జాలరికిని కాదు.

వేట విషయమునను నియమము అవసరము. కేంద్రప్రభుత్వము తూర్పుతీరమున ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు, పడమటితీరమున జూన్ 1నుండి జూలై 31వరకు, 61 దినములు సముద్రమున మరపడవల వేటను నిషేధించుచున్నది. తూర్పుతీరమున ఆ గడువు ముగిసిన కొలది వారములకే పులస ఏటిమొగమునకు చేరును. గ్రుడ్లతో నున్న చేపకు వల ఎదురగును. బంగ్లాదేశము ఆశ్వయుజ పూర్ణిమ ప్రాంతమున 22 దినములు ఇలిశ్ వేటను, అమ్మకమును ఆపుచున్నది. 25 సెంటీమీటర్లకు తక్కువైన పిల్లలను పట్టుట నవంబరునుండి జూన్‌వరకు నిషేధించినది. ఆ దినములలో జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యము ఇచ్చుచున్నది. నియమము చేయుట తేలిక. నియమకాలమున జాలరి యింట పొయ్యి వెలుగునట్లు చూచుట కష్టము. ఆ కష్టమునకు పూనుకొనుటయే అచటి నియమమునకు బలము.

హజీరాలోని తెలుగు కుటుంబములు నదులను పాలింపజాలవు. కాని కొన్ని పనులు చేయజాలును. అరచేతికి మించని ఇలసపిల్లలను కొనకుండుట ఒకటి. శెన పులస దొరకినదని ధర చెప్పి గొప్పగా చాటుట మానుట ఒకటి. అంగడిలోని జాలరి స్త్రీని ధరమాత్రమే కాక, ఈ చేప ఎచటనుండి వచ్చినది, పూర్వము ఎంతదూరము పైకి పోయెడిదని అడుగుట ఒకటి. ఆమెకు తెలిసిన తాపీ చరిత్ర ఏ గ్రంథములోను లేకపోవచ్చును. తల్లులు, అత్తలు, అమ్మమ్మలు ఎరిగిన చేపల పేర్లను, వండు విధానములను పిల్లలచే వ్రాయించి యుంచుట ఇంకొకటి. బొమ్మిడాయి, వాలుగ, మట్టగిడస, చీరమేను అను పేర్లు అంగడిలో వినబడని ఊరిలో పెరుగు బిడ్డలకు అవి ఇంటనే వినబడవలెను. పేరు పోయిన చేపను వెదకువారుండరు. వెదకువారు లేని చేప ఏటిలో లేకున్నను అడుగువారుండరు.

వానకాలమున ఒక ఆదివారమునాడు పిల్లలను తాపీ ముఖమునకు తీసికొనిపోయి, ఇచటను గోదావరి ముఖమునను ఎదురీదునది ఒకే చేప యని చూపినచో, ఏ పాఠ్యపుస్తకమును చెప్పలేని భూగోళము వారికి తెలియును. తాము పుట్టిన ఏరును, పెరుగుచున్న ఏరును పరాయివి కావని తెలియును. ఏటికి వాటా అడుగవలసిన దినము వచ్చినపుడు అడుగగలవారు ఆ పిల్లలే.

స్వస్తి.